ఎనిమిది ముఖాల రాయి

“తలుపు తియ్యవే, కెజియా.”

లోపలి నుంచి జవాబు రాలేదు. సైలస్ పినాక్ అచ్చుగది తలుపుకి చెవి ఆనించి విన్నాడు. నీళ్ళ చప్పుడు, గుడ్డ పిండిన చప్పుడు, అంతే.

గొడవ పొద్దున్న ఫలహారం దగ్గరే మొదలైంది. పెద్దకూతురు కెజియా తినే తిండి మధ్యలో వదిలేసి, మెట్లు దిగి, అచ్చుగదిలో దూరి గడియ పెట్టుకుంది. చిన్నకూతురు డోర్కస్, ఇంట్లోవాళ్ళకి డోరీ, కూర్చున్న చోటు నుంచి కదలలేదు. పళ్ళెంలో కాల్చిన ఉప్పుచేప చల్లారి బిగుసుకుపోయింది. చిత్రకారుడు జోస్లిన్ థ్రేల్‌కి నిశ్చితార్థం అయిందన్న వార్త పేపర్లో చూసిన దగ్గర్నుంచీ ఆ పిల్ల సరిగ్గా తిన్నదీ లేదు, నోరు విప్పి మాట్లాడిందీ లేదు.

“పదకొండింటికి థ్రేల్ గారొస్తారు,” అన్నాడు సైలస్ తలుపుతో. “ఆయన కళ్ళముందు ఆ రాయి మీది బొమ్మ అరగదీసి చూపిస్తానని మాటిచ్చాను.”

“ఆయన కూడా ఇచ్చాడుగా నాన్నా, మనింట్లో ఒకళ్ళకి. ఆ మాట ఏమైందో అడిగావా?”

“అది వేరు.”

“అవును, వేరే. అది డోరీకి ఇచ్చింది. ఇది నువ్వు ఆయనకి ఇచ్చింది.”

లండన్‌లో క్లర్కెన్‌వెల్ వీధుల్లో ముప్ఫయ్యేళ్ళుగా రాతి అచ్చు, అంటే రాయి మీది బొమ్మని కాగితాలకి ఎక్కించే పని, చేసుకుని బతుకుతున్న మనిషి సైలస్. ఆవపిండి డబ్బాలకీ, ఊరగాయ సీసాలకీ చీటీలు వేసి వేసి గోళ్ళ సందుల్లో సిరా శాశ్వతంగా ఉండిపోయింది. అలాంటివాణ్ణి థ్రేల్ అందరి ముందూ ‘కళాకారుడు’ అన్నాడు. ఆ ఒక్కమాటకి సైలస్ పొంగిపోయాడు. ఆ పొంగులో కూతురి మొహం చూడటం మర్చిపోయాడు. కెజియా తండ్రిని క్షమించలేకపోతున్నది అందుకే.

థ్రేల్ శీతాకాలమంతా డోర్కస్‌ని చెల్సీలో తన గదిలో కూర్చోబెట్టుకుని బొమ్మ గీశాడు. గీసినంతకాలం పెళ్ళాడతానంటున్నాడనే ఇంట్లోవాళ్ళకి తెలుసు. జిడ్డు సుద్దతో కాగితం మీద గీసిన ఆ బొమ్మని సైలస్ రాయి మీదికి ఎక్కించి అచ్చులు తీశాడు. అరచేతిలో ఇమిడే బొమ్మ. చుట్టూ బోలెడంత ఖాళీ. నల్లసిరా వద్దన్నాడు థ్రేల్. అద్దం మీద ఊపిరి తగిలినట్టుండే బూడిదరంగు కావాలన్నాడు. కొత్త కాగితం వద్దన్నాడు. పాత పుస్తకాల చివర మిగిలే ఖాళీ పేజీలు వెతికి తెచ్చాడు. పదిహేను ప్రతులు చాలన్నాడు, ఆ తరవాత ఇంకెవరూ తియ్యకుండా రాయి మీది బొమ్మ అరగదీసెయ్యాలన్నాడు. బాండ్ వీధి ప్రదర్శనశాలలో ఆ బొమ్మ గోడకెక్కింది. కింద పేరు ‘బూడిద, ముత్యం: ఒక స్వరం’. డోర్కస్ పినాక్ అన్న పేరు ఎక్కడా లేదు.

ఆ తరవాత ఓడల కంపెనీ కాజలెట్ గారి అమ్మాయితో థ్రేల్‌కి సంబంధం కుదిరింది. వచ్చే గురువారం పెళ్ళి.

లోపల కెజియా పని పూర్తి చేసింది.

నిన్న తండ్రి ప్రార్థనకి వెళ్ళినప్పుడు ఆమె థ్రేల్ రాయిని యంత్రమ్మీద పెట్టి, జిగురు పూసిన పల్చటి కాగితాల మీద ఎనిమిది అచ్చులు తీసింది. వాటిని ఇంకో పెద్దరాయి మీద వరసగా పరిచి, యంత్రం కింద నలిపి, కాగితం తడిపి ఒలిచింది. ఊరగాయ చీటీలకి రోజూ చేసే పనే. ఒక్క బొమ్మ నుంచి ఎనిమిది పుడతాయి, ఒక్క తిప్పుకి ఎనిమిదీ అచ్చవుతాయి. ఇప్పుడా పెద్దరాయి మీద ఎనిమిదిమంది డోర్కస్‌లు పక్కచూపులు చూస్తున్నారు. కెజియా దానికి ఆఖరిపూత జిగురు పూసి, గోడవైపు తిప్పి, చీటీల రాళ్ళ వెనక నిలబెట్టి, మీద గోనెపట్టా కప్పింది.

నదికి ఆవలిగట్టున బ్లాగ్డెన్ సబ్బుల కంపెనీతో శనివారమే మాట్లాడి వచ్చింది. బ్లాగ్డెన్ బొమ్మని చూసి, మొహం కడిగినట్టుందమ్మాయ్, నా సబ్బు మీదికి సరిగ్గా సరిపోతుంది అన్నాడు. వేలకి వేలు కావాలన్నాడు. లండన్‌లో ప్రతి చాకిరేవులోనూ, ప్రతి వంటింటి తొట్టి పక్కనా, తడిసి చిరిగి కాలవలో కొట్టుకుపోయే కాగితం మీద థ్రేల్ గారి ముత్యం, థ్రేల్ గారి స్వరం. పదిమంది చూస్తే అందం చచ్చిపోతుందని ఉపన్యాసాలిచ్చే మనిషి, తన పెళ్ళికూతురి పనిమనిషి చేతిలో దాన్ని చూడాలి. ఆ ఘడియ ఎలా ఉంటుందో కెజియా ఊహించుకుని ఊహించుకుని పెట్టుకుంది.

చేతులు తుడుచుకుని గడియ తీసింది.

“రానీ నాన్నా. అరగదీసేటప్పుడు నీళ్ళు నేనే పోస్తాలే.”

సైలస్ కూతురి మొహంలోకి అనుమానంగా చూశాడు. కెజియా ఇంత తొందరగా లొంగే మనిషి కాదని అతనికి తెలుసు. కానీ టైమైపోతోంది. అడగదలుచుకోలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనన్న భయం కూడా ఉందేమో.

థ్రేల్ వచ్చాడు. ఒక్కడే కాదు. వెంట హనోరియా కాజలెట్.

ఇది కెజియా అనుకోలేదు. ఆ అమ్మాయి ఎలా ఉంటుందో మనసులో ఒక రూపం కట్టి పెట్టుకుంది. ముక్కు పైకెత్తి, గౌను అంచు ఎత్తి పట్టుకుని, సిరా మరకలు చూసి మొహం ముడుచుకునే మనిషి. వచ్చినామె అలా లేదు. సన్నగా, కాస్త వంగి, దూరం ఆనని దగ్గరి చూపు మనిషిలా అన్నిటినీ వంగి వంగి చూస్తోంది. సైలస్‌కి చెయ్యి కూడా అందించింది. అది చూసి కెజియాకి ఇంకా మండింది. ద్వేషించడానికి వీలుగా ఉండొచ్చుగా ఈ మనిషి.

థ్రేల్ ముదురాకుపచ్చ మఖమలు కోటులో, చేతులకి పసుపు తొడుగులతో గది మధ్య నిలబడ్డాడు. కాబోయే భార్యకి వివరించడం మొదలుపెట్టాడు. కళకి బాధ్యతలు లేవన్నాడు. నీతి చెప్పడం, కథ చెప్పడం, ఎవరినో గుర్తుచెయ్యడం దాని పని కాదన్నాడు. ఒక వెలుతురు, ఒక నీడ, వాటి మధ్య ఒక మౌనం, అది కుదిరితే చాలన్నాడు. అందుకే పదిహేను తీశాక రాయి చచ్చిపోవాలి. చావు లేని వస్తువుకి అందం ఉండదన్నాడు.

“మా ఆవపిండి చీటీలు ఎప్పటికీ చావవండి,” అంది కెజియా మెల్లగా. “అందుకే కాబోలు అంత వికారంగా ఉంటాయి.”

సైలస్ గొంతు సవరించుకున్నాడు. థ్రేల్ నవ్వాడు. అతనికి తగిలిందో లేదో తెలియలేదు.

రాయి అరగదీసే పళ్ళెంలోకి ఎక్కింది. సైలస్ దాని మీద ఇసక చల్లాడు, కెజియా నీళ్ళు పోసింది. ఇంకో రాయి బోర్లించి దాని మీద పెట్టి సైలస్ గుండ్రంగా తిప్పసాగాడు. రాయీ రాయీ నూరుకుంటున్న చప్పుడు గదంతా నిండింది. కొంచెంసేపటికి మధ్య నుంచి బూడిదరంగు బురద ఊరి అంచుల మీంచి కారింది. అందులో డోర్కస్ జుట్టుంది, చెంప ఉంది, మెడ ఒంపు ఉంది. కెజియా ఆ బురద కేసి చూస్తూ లోపల్లోపల నవ్వుకుంది.

“ఎవరీ అమ్మాయి?” అడిగింది హనోరియా. ఆమె చేతిలో ఆ పదిహేనింట్లో ఒక ప్రతి ఉంది. “నువ్వెప్పుడూ చెప్పలేదు.”

“ఎవరూ కాదు.”

మెట్ల మీద చెక్క కిర్రుమంది.

డోర్కస్ సగం మెట్లు దిగి నిలబడి ఉంది. ఇంట్లో తిరిగే ముతక గౌను, భుజాల మీద తల్లి పాత శాలువా. ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో. సైలస్ చేతులు ఆగిపోయాయి.

హనోరియా చేతిలోని కాగితం చూసింది, మెట్ల వైపు చూసింది, మళ్ళీ కాగితం చూసింది.

“ఈ అమ్మాయే కదూ?”

“బొమ్మకి కూర్చుంది,” అన్నాడు థ్రేల్, తొడుగు వేలు సవరించుకుంటూ. “కిటికీలోంచి వెలుతురు వస్తోంది. అది దేనిమీదో ఒకదానిమీద పడాలి కదా.”

డోర్కస్ అతని వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. కెజియాని కంగారుపెట్టింది అదే. దేనికోసమో ఎదురుచూస్తున్నట్టుంది ఆ పిల్ల, రావలసిన బండి ఇంకా రాలేదన్నట్టు.

“నీ పేరేంటమ్మా?” హనోరియా అడిగింది.

డోర్కస్ పెదవి కదిలింది. కానీ థ్రేల్ ముందే అందుకున్నాడు.

“పేరు తెలిస్తే బొమ్మ పాడైపోతుంది హనోరియా. నీకు చెప్పాను కదా. ఇక వెళ్దాం, ఇక్కడ చలి.”

అతను రాయి మీదికి వంగి, ఏ గీతా మిగల్లేదని చూసుకుని తలాడించాడు. సైలస్ గారి నిజాయితీ గురించి ఊళ్ళో నలుగురు చిత్రకారులకి చెబుతానన్నాడు. హనోరియా గుమ్మం దగ్గర ఒకసారి ఆగి వెనక్కి చూసింది. ఏదో అనబోయింది. అతను ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. బండి తలుపు పడింది.

డోర్కస్ ఆ చప్పుడు దాకా మెట్ల మీదే నిలబడి, అప్పుడు దిగి వచ్చింది.

సైలస్ ఒళ్ళంతా బురదనీళ్ళతో తడిసి ఉన్నాడు. చిన్నకూతురి మొహంలోకి చూడలేక, చొక్కా మార్చుకొస్తానని పైకి వెళ్ళిపోయాడు.

కెజియా ఇక ఆగలేకపోయింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని చీటీల రాళ్ళ వెనక్కి తీసుకెళ్ళింది. గోనెపట్టా లాగింది. పెద్దరాయిని రెండు చేతులా తిప్పి బల్లకి ఆనించి, తడిగుడ్డతో జిగురు తుడిచింది.

“చూడు. వాడు చంపాననుకున్నాడు. ఎనిమిదిమందిని పుట్టించాను.”

తరవాత అంతా చెప్పింది. బ్లాగ్డెన్, సబ్బులు, చాకిరేవులు, పెళ్ళివారింటి పనిమనిషి. చెబుతున్నకొద్దీ గొంతు వేడెక్కింది. చెల్లెలు ఏడుస్తుందనుకుంది, మెడ కౌగిలించుకుంటుందనుకుంది. డోర్కస్ ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టి, తాకకుండా, వరసగా పోనిచ్చింది.

“నన్నడిగావా అక్కా?”

“ఏమడగాలే? నీ కోసమేగా చేసింది.”

“వాడూ నన్నడగలేదు. వాడు నన్ను వెలుతురు పడే వస్తువుని చేశాడు. నువ్వు సబ్బుని చేస్తున్నావు.”

“నన్ను వాడితో కలుపుతావా?”

“కలపడం లేదు. అడుగుతున్నాను.”

కెజియాకి చెంపదెబ్బ తిన్నట్టయింది. ఇన్నాళ్ళ నోటి మూత తీసి ఈ పిల్ల మొదట అన్న మాట ఇదా అనిపించింది. తల్లి పోయిన దగ్గర్నుంచీ ఎత్తుకు పెంచింది తను. జుట్టు దువ్వింది తను. ఆ చెల్సీ గదికి పంపొద్దని తండ్రితో పోట్లాడిందీ తనే. అన్నీ నాలుక చివరికి వచ్చాయి. మొహం తిప్పుకుంది.

వీధిలో బొగ్గుబండివాడి అరుపు వచ్చి పోయింది.

డోర్కస్ అలమరలోంచి వినెగర్ సీసా తీసింది. గుడ్డ తడిపి, ఒక్కో మొహం కింద ఉన్న ఖాళీజాగా తుడిచింది. జిగురు పట్టిన రాయి కొత్త గీత తీసుకోవాలంటే ముందు అలా తుడవాలి. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తరవాత జిడ్డుసిరా అరగదీసి, ఉక్కు పాళీ ముంచింది.

చీటీల మీద అక్షరాలు రాసేది ఎప్పుడూ డోర్కసే. రాయి మీద తిరగేసి రాస్తేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది కనక, చిన్నప్పటి నుంచీ ఆమె చెయ్యి కుడి నుంచి ఎడమకి పరిగెడుతుంది. బడిలో అందుకు దెబ్బలు కూడా తింది.

కెజియా ఉండబట్టలేక పక్క చూపు చూసింది. తిరగేసిన అక్షరాలు ఆమెకి మామూలు అక్షరాల్లాగే కనబడతాయి. ‘మిసెస్’ అని పడింది. తరవాత ‘జోస్లిన్’. తరవాత ‘థ్రేల్’.

“అబద్ధాలు రాయకు డోరీ,” అంది, గొంతు తగ్గించి. “అబద్ధమైతే జైల్లో వేసేది మనల్నే.”

“అబద్ధమని ఎవరన్నారు?”

పాళీ రెండో మొహం కిందికి వెళ్ళింది. రాస్తూనే, తల ఎత్తకుండా చెప్పింది. పోయిన శరత్కాలంలో, గ్రీనిచ్‌లో, రిజిస్ట్రారు గది. సాక్షులు ఇద్దరు: బొమ్మలకి చట్రాలు కట్టే ముసలాయన, ఆయన భార్య. బొమ్మ గోడకెక్కేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు. అచ్చువాడి కూతుర్ని కట్టుకున్నాడంటే కొనేవాళ్ళు నవ్వుతారన్నాడు. గోడకెక్కాక, ఇంకొంచెం ఆగమన్నాడు. ఆ తరవాత వాకిలి తియ్యడమే మానేశాడు.

కెజియా చెల్లెలి వైపుకి తిరిగింది.

“ఇన్నాళ్ళూ ఎందుకు నోరు మూసుకున్నావే?”

“ఒక్కసారైనా నా పేరు అంటాడేమోనని. ఇవాళైనా అనొచ్చుగా. ఆవిడ అడిగింది కూడా. బండి ఎక్కేదాకా చూశాను అక్కా.”

మూడో మొహం. నాలుగో మొహం.

మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్దాం, ఇప్పుడే వెళ్దాం అంది కెజియా. డోర్కస్ తల అడ్డంగా ఊపింది. మేజిస్ట్రేటు దగ్గరికి వెళితే పెళ్ళి చప్పుడు లేకుండా ఆగిపోతుందట. కాజలెట్ గారు నలుగురు పెద్దమనుషుల్ని పెట్టి అంతా కప్పేస్తారట. థ్రేల్ ఏ పారిస్‌కో వెళ్ళి, అక్కడ ఇంకో కిటికీ పక్కన ఇంకో పిల్లని కూర్చోబెడతాడట.

“సబ్బులకి ఇవ్వకు. ఇది ఆ పెళ్ళికి పిలిచిన ప్రతివాళ్ళ ఇంటికీ వెళ్ళాలి. బూడిదరంగు కాదు, నల్లసిరా. మన ఆవపిండి సిరా.”

“పెళ్ళికి ముందా? తరవాతా?”

కెజియాకి తను అడిగిన ప్రశ్నే తనకి ఎదురు తిరిగినట్టు తోచింది. ముందు పంపితే ఆ దగ్గరి చూపు అమ్మాయి తప్పించుకుంటుంది. తరవాత పంపితే రెండో పెళ్ళి చేసుకున్న నేరానికి థ్రేల్ జైలుకి వెళతాడు. ఆ అమ్మాయి పెళ్ళయినదీ కాని, కానిదీ కాని మనిషిగా ఊరికి మిగులుతుంది. కాస్సేపటి కిందటి వరకూ ఈ ఇంట్లో పగ తనకొక్కదానికే ఉందనుకుంది కెజియా.

డోర్కస్ పాళీ సిరాలో ముంచి, అంచుకి ఆనించి, చుక్క రాల్చింది.

“తరవాత.”

“ఆవిడ నీకేం చేసిందే? నీ పేరడిగిన మనిషి.”

“నా పేరు వినకుండా వాడి వెంట వెళ్ళిపోయిన మనిషి.”

“వాడు లాక్కెళ్ళాడు. నువ్వూ చూశావు.”

డోర్కస్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత ఎనిమిదో మొహం దాకా మళ్ళీ నడిచింది.

ఇద్దరూ అప్పుడు చూశారు. సైలస్ పొడి చొక్కాతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలీదు. నెమ్మదిగా రాయి దగ్గరికి నడిచి వచ్చి, వంగి, ఎనిమిది మొహాలూ చూశాడు. అరగదీసి చంపానని ఇందాకే ఒక మనిషికి చూపించిన మొహాలు. కింద రాసింది చదివాడు. అతనికీ తిరగేసి చదవక్కర్లేదు.

కెజియా తిట్లకి సిద్ధపడింది. దొంగతనంగా తీశావా అంటాడు, నా మాట బుగ్గిపాలు చేశావంటాడు. సైలస్ ఆమె వైపు చూడనైనా చూడలేదు.

“నిజమేనా డోరీ?”

“నిజం నాన్నా.”

“నేను కళాకారుణ్ణని వాడన్నప్పుడు, అప్పటికే నువ్వు...”

“అప్పటికే.”

సైలస్ ముందుకి వంగి, ఆఖరి మొహం కింద సిరా ఆరిందో లేదో వేలి వెనకతో చూశాడు. అరలోంచి జిగురు గిన్నె దించాడు. దాని పక్కనున్న యాసిడ్ సీసా అందుకున్నాడు.

ఏ రాతనైనా రాయి మీద నిలబెట్టేది అదే. జిగురులో నాలుగు చుక్కలు పడితే గీతలు రాయిలో పాతుకుపోతాయి, వేల అచ్చులకి చెక్కుచెదరవు. చుక్కలు మించితే గీతలే కాలిపోతాయి. తరవాత దేవుడు దిగి వచ్చినా అతకవు. సైలస్ ఆ చుక్కలు ఎప్పుడూ పైకి లెక్కపెట్టేవాడు. కూతుళ్ళిద్దరూ అంకెలు నేర్చుకుంది ఆ లెక్క వినే.

“నాన్నా, ఏం చేస్తున్నావు?” అంది కెజియా.

సైలస్ బిరడా తీసి, సీసాని గిన్నె మీదికి వంచాడు. చుక్క పడింది. ఇంకోటి పడింది. ఇంకోటి. డోర్కస్ పాళీ కింద పెట్టి తండ్రి నోటికేసి చూస్తోంది. కెజియా గిన్నెలోకి చూస్తోంది.

సైలస్ పెదవులు లెక్కకి కదలలేదు. సీసా ఇంకా వంగే ఉంది.